మూజువాణిలో మావాడి గొంతు

సోమవారం

రేపే బిల్లు. పార్టీ ఆఫీసులో అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. మా పార్టీ ప్రభుత్వానికి మిత్రపక్షం. అంటే ఒకే ఇంట్లో కాపురం, గదులు మాత్రం వేరని జనానికి చెప్పుకునే రకం. ఇప్పుడు ఆ ఇంట్లోంచి ఈ బిల్లు పుట్టింది, పోలిక ఎవరిదో చెప్పడానికి ఒక్కరికీ నోరు రావడం లేదు.

అనుమతి లేకుండా ఐదుగురు ఒకచోట కూర్చుని ఏదైనా కావాలని అడిగితే పోలీసులు పట్టుకుపోవచ్చట. మూడు నెలల దాకా కోర్టు గుమ్మం చూపించక్కర్లేదట. నలుగురైతే పరవాలేదు. శవాన్ని మొయ్యడానికి నలుగురు చాలు కదా, ఐదోవాడు దేనికని లెక్కేసినట్టున్నారు మహానుభావులు.

అసెంబ్లీకి బయల్దేరేముందు చిన్నోడు నా దగ్గరికొచ్చాడు. మా ఊరి శాసనసభ్యుడు, యాభై దాటాయి, గడ్డం కింద ఇంకో గడ్డం దిగింది, అయినా నాకు చిన్నోడే. గోడలకి పోస్టర్లు అంటించే రోజుల్లో నేను పెట్టిన పేరు.

"అక్కా, కాదనే అంటాను. ఈ గొంతు నువ్విచ్చింది కాదూ?" అన్నాడు.

ఆ మాట నిజమే. ఈ ఊళ్ళో ఊరేగింపులకి ముందు నడిచి నినాదాలిచ్చేది నేను. నేను సగం అంటే జనం మిగతా సగం అందుకుంటారు. ఎదురుగా అక్కా అంటారు, వెనకాల మైకు అంటారు. వాడికి కడుపులోంచి అరవడం నేర్పింది నేనే. ఒక్కటే నేర్పలేకపోయాను. నేను "ఐక్యత" అంటే అందరూ ఒక్కసారిగా "వర్ధిల్లాలి" అంటారు. వాడు పక్కవాడి నోరు చూసి, అప్పుడు అంటాడు. అర క్షణం వెనక. ఎన్ని తిట్లు తిట్టినా ఆ గుణం పోలేదు.

ఇంటికి రాగానే మా ఆడపడుచు పట్టుకుంది. పెద్దాసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలో వార్డుకో కాపలా మనిషి కావాలని ఆసుపత్రి గేటు ముందు డేరా వేసుకుని మూడు నెలలుగా వంతులవారీగా కూర్చుంటున్నారు. తాగొచ్చిన వాడెవడో ఒక పిల్ల చెయ్యి విరిచాక మొదలైంది ఇది.

"వదినా, మీవాడేమంటాడు?"

"కాదంటాడు. పూచీ నాది."

"మా అన్నయ్య కూడా నీ పూచీ మీదే కాపురానికి దిగాడు, పాపం."

మా ఆయన పేపరు వెనకనుంచి నవ్వాడు. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇన్నేళ్ళలో మా పార్టీ మీటింగు ఒక్కదానికి రాలేదు. "అది నీకు పుట్టిల్లే. నాకక్కడ అల్లుడి మర్యాదేం జరగదు" అంటాడు.

మంగళవారం

బిల్లు గెలిచింది. మూజువాణి ఓటు. సభాధ్యక్షుడు "అనుకూలం అన్నవారు అవును అనండి" అన్నాడు, అరిచారు. "వ్యతిరేకం అన్నవారు కాదు అనండి" అన్నాడు, అరిచారు. ఆయన చెవికి అవును ఎక్కువగా వినపడిందట, అయిపోయింది. పేర్లు లేవు, లెక్క లేదు. నేను పుల్లటి పెరుగు తీసుకోనని కొట్టువాడితో వాదించడానికే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

ఆఫీసు టీవీలో చూశాం. టీవీ పాతది. దాని స్పీకరు ఎప్పుడూ గరగరలాడుతుంది. పైగా కార్యదర్శి నా చెవి పక్కనే బిస్కెట్లు నములుతున్నాడు.

ఏదో తోక వినపడింది. "అవును" అని అందరూ అనేశాక, వెనకాల ఒక్కటే "...వును".

టీవీ పాతది.

బుధవారం

చిన్నోడు దిగాడు. ఆఫీసు నిండిపోయింది. వచ్చీ రాగానే "కాదన్నాను" అన్నాడు. టీ తాగాక "గట్టిగా కాదన్నాను" అన్నాడు. ఫొటోగ్రాఫరు వచ్చేసరికి "బల్ల గుద్ది మరీ కాదన్నాను" అయింది. ఇంకో గంట కూర్చోబెడితే అధ్యక్షుడి కుర్చీ విరగ్గొట్టి వచ్చేవాడే.

పక్కకి లాగి అడిగాను. "లెక్క పెట్టమని ఎందుకడగలేదురా? ఒక్కడు లేచి అడిగితే చాలుగా, ఎవడేమన్నాడో పేర్లతో సహా రాసేవాళ్ళు."

"ఆ గోలలో ఎవరు వింటారక్కా?" అని, నా చెయ్యి పట్టుకుని, "శనివారం నుంచి చట్టం అమలు. ఆ పొద్దున నేనే వచ్చి మీ ఆడపడుచు డేరాలో కూర్చుంటా. సభ్యుడు కూర్చున్న డేరా మీద చెయ్యేసే దమ్ము ఏ పోలీసుకుందో చూద్దాం" అన్నాడు.

నా కళ్ళు చెమర్చాయి. వాడెంతైనా మావాడు. టీవీ సంగతి మళ్ళీ రాయను, అదొక ధర్మసందేహంలా తయారైంది.

ఇంట్లో ఆడపడుచు యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది.

"వదినా, కాదన్నాడా?"

"అన్నాడు."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

ఇస్త్రీపెట్టె ఒక క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

బుధవారమే

విన్నానని మాత్రమే అన్నాను. ఏం విన్నానో అనలేదు. అది అబద్ధం కిందికి రాదు.

గురువారం

పొద్దుట్నుంచీ మైకు బండి మీద తిరిగాను. "మన సభ్యుడు కాదన్నాడు! మీ హక్కుల కోసం ఎదురు నిలిచాడు!" గొంతు బ్రహ్మాండంగా ఉంది, ఏం చేసుకుంటాం. మార్కెట్ మలుపులో ఎదురుగా ఇంకో పార్టీ బండి వచ్చింది. వాళ్ళ సభ్యుడు కూడా కాదన్నాడట. ఒకరికొకరం దారిచ్చుకున్నాం.

సైకిళ్ళు బాగుచేసే ముసలాయన ట్యూబు నీళ్ళలో ముంచుతూ తలెత్తి అడిగాడు. "అమ్మా, పొద్దుట్నుంచి మూడు బండ్లొచ్చాయి. అందరూ కాదన్నారట. మరి అవునన్నదెవరు?"

డ్రైవరు గేరు మార్చాడు. నేను గొంతు సవరించుకున్నాను.

సాయంత్రం డేరాకి ఫ్లాస్కుతో టీ పట్టుకెళ్ళాను. లోపల పెద్ద తగువు. చంటిపిల్లలున్న వాళ్ళు శనివారంలోగా లేచిపోదామంటున్నారు. చెయ్యి విరిగిన పిల్ల, ఎముక అతక్క మళ్ళీ వేసిన కట్టు ఇంకా విప్పలేదు, "పట్టుకుపోతే మా అమ్మ చచ్చిపోతుంది" అంది.

మా ఆడపడుచు నా వైపే చూస్తూ అంది. "సభ్యుడు వచ్చి కూర్చుంటాడట. మా వదిన పూచీ. ఆయన కాదన్నాడని మా వదిన చెవులారా విన్నది. కదా వదినా?"

అందరూ నాకేసి తిరిగారు. నోట్లో టీ ఉంది కాబట్టి తల ఊపాను. టీ మింగేశాక కూడా ఊపుతూనే ఉన్నాను. ఆ పిల్ల తగువు మానేసి బాగున్న చేత్తో కప్పు అందుకుంది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందట. నేను కళ్ళు తెరుచుకునే తాగాను.

శుక్రవారం

చిన్నోడికి జ్వరమట. మధ్యాహ్నం కార్యదర్శి చెప్పాడు. రేపు డేరాకి రాలేడట, సంఘీభావం మాత్రం తెలిపాడట. ఈ సంఘీభావం ఒకటి. ఎక్కడికీ కదలకుండా తెలపొచ్చు.

నేరుగా ఇంటికి పోయాను. వాళ్ళావిడ గుమ్మంలోనే అడ్డం నిలబడి "నూట రెండు, వదినా" అంది. మంచం పక్కన పళ్ళెంలో సగం తిన్న కోడి కాలు ఉంది. జ్వరానికి పథ్యం కాబోలు.

"లేరా" అన్నాను.

"అక్కా, ఒళ్ళు కాలిపోతోంది."

"ఐక్యత!" అన్నాను, గది అదిరేలా.

వాడు ముందు పెళ్ళాం మొహం చూశాడు. తరవాత "వర్ధిల్లాలి" అన్నాడు. అర క్షణం వెనక.

అంతే. నాకింక ఏ టీవీ మీదా నేరం మోపే వీల్లేకపోయింది. మంచం మీద కూలబడ్డాను.

"ఎందుకురా?"

కాసేపు దుప్పటి అంచు పీక్కున్నాడు. "ప్లాన్ చెయ్యలేదక్కా, ఒట్టు. కాదనే అందామని వెళ్ళాను. అటువాడి నోరు చూశాను, ఇటువాడి నోరు చూశాను. నా నోరు దానంతటదే తెరుచుకుంది." వాడి కళ్ళలో నీళ్ళు. నిజం నీళ్ళే, అదీ చికాకు. "ఎవరికీ తెలీదక్కా. మూజువాణి. నీకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు."

"రేపు ఆ ఆడపిల్లల్ని పట్టుకుపోతారు. నీ మాట నమ్మి కూర్చున్నారు."

"నా మాట కాదక్కా" అన్నాడు మెల్లగా. "నీ మాట."

చెంప మీద కొట్టినట్టయింది. కొట్టాల్సింది నేను.

నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చే నెల మన వార్డు సీటు నీకే. పైనవాళ్ళతో మాట్లాడాను. నువ్వెన్నాళ్ళని రోడ్ల మీద అరుస్తావక్కా, లోపలికెళ్ళి కూర్చో."

ఛీ అని మొహాన ఉమ్మేసి వచ్చానని రాసుకుంటే బాగుండేది. "ఆలోచిస్తా" అని వచ్చాను.

శుక్రవారమే, ఇంకొంచెం

ఆలోచించడంలో తప్పేముంది. నా కంటే వెనక వచ్చిన వాళ్ళు, నేను నినాదాలు నేర్పినవాళ్ళు, నలుగురు ఇప్పటికే కుర్చీల్లో ఉన్నారు. నేను సీటులోకి వస్తే ఆసుపత్రికి కాపలా మనుషులు కాదు, గేటుకి ఏనుగుల్ని కట్టిస్తా. వంద మంచిపనులు చెయ్యొచ్చు. ఒక్క చిన్న మాట మింగితే.

మింగడం నాకు చేతకాని పనని ఊరంతా అంటుంది. వీళ్ళకేం తెలుసు, నాలుగు రోజులుగా అదే చేస్తున్నాను.

ఆడపడుచు ఈపూట ఇంటికి రాలేదు, డేరాలోనే ఉంటానని కబురు పంపింది. మా ఆయన రెండుసార్లు గుమ్మంలోకి వెళ్ళి చూసి వచ్చాడు. ఏదైనా అడిగినా బాగుండు.

శనివారం

ఇది పోలీసు స్టేషన్ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇక్కడి ఆడ కానిస్టేబులు పుస్తకం లాక్కోబోయి, తిరగేసి, నవ్వి, తిరిగిచ్చేసింది. "నా గురించి మంచిగా రాయండి" అంది. నల్లగా, పొడుగ్గా, చక్కగా ఉంది. రాశాను.

పొద్దున్నే డేరాకి వెళ్ళాను. సగానికి సగం ఖాళీ. తొమ్మిదిమంది ఉన్నారు, మా ఆడపడుచు మధ్యలో. చాప కొసన నిలబడ్డాను. మైకు లేదు.

"వాడు రాడు. జ్వరం కాదు. వాడు అవునన్నాడు. మంగళవారమే విన్నాను నేను. మీకు అబద్ధం చెప్పాను. లేవండి, దండం పెడతా, ఇళ్ళకి పోండి."

ఎవరూ లేవలేదు. ఒకావిడ మా ఆడపడుచు వైపు చూసి "గెలిచావమ్మా" అంది.

"ఏం గెలవడం?" అన్నాను.

"నువ్వొచ్చి చెప్తావా చెప్పవా అని పందెం" అంది మా ఆడపడుచు. "ఎనిమిదిమంది చెప్పవన్నారు. నేనొక్కదాన్నే చెప్తావన్నాను."

"నీకు తెలుసా?"

"బుధవారమే తెలుసు. 'విన్నాను' అని ఎంత మెల్లగా అన్నావు! నువ్వు ఉప్పందుకోమన్నా వీధి చివరికి వినపడుతుంది. నిన్న మధ్యాహ్నం దాకా చూశాను, చెప్తావేమోనని. ఇక లాభం లేదని నేనే చెప్పేశాను వీళ్ళకి. పిల్లల తల్లుల్ని, ఆ చెయ్యి విరిగిన దాన్ని ఇళ్ళకి పంపేశాను. అది వెళ్ళలేదు, అదిగో, వెనకాల కూర్చుంది మొండిఘటం. ఉన్నవాళ్ళం తెలిసే ఉన్నాం."

"తెలిసి ఎందుకే, పిచ్చిదానా?"

"ఏ కాపలా కోసం కూర్చున్నామో అది ఇంకా రాలేదు కాబట్టి." తరవాత గొంతు తగ్గించింది. "నువ్వింటికెళ్ళు వదినా. అన్నయ్యకి బీపీ మాత్ర వెయ్యి. చెప్పావుగా, అది చాలు."

చాలదని నాకనిపించింది. దాని పక్కన కూర్చున్నాను.

వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు కాయితం చదివాడు, మధ్యలో రెండుచోట్ల ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అందరం ఎక్కాం. తలుపు వెయ్యబోతుంటే ఫోను మోగింది. ఆయన విని, నావైపు చూసి, "మీరు దిగండమ్మా. సభ్యుడుగారు చెప్పారు. మీరు మిత్రపక్షం కదా" అన్నాడు.

దిగాను.

ఇక్కడ ఏదో ఒకటి రాసి సర్దుకోవచ్చు. ఎవరో లాగారనో, కాళ్ళు పట్టు తప్పాయనో. ఎవరూ లాగలేదు. దిగమన్నారు, దిగాను. తలుపు మూసుకున్నాక గానీ నేను రోడ్డు మీద ఉన్నానని తెలియలేదు. మా ఆడపడుచు కిటికీ జాలీలోంచి చూసింది. కోపంగా చూసినా భరించేదాన్ని. మాత్ర వెయ్యమన్నట్టు సైగ చేసింది.

ఇంటికెళ్ళాను. మా ఆయన తలుపు తీసి నా భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"చెల్లెలేదీ?"

నాలుగు రోజుల కథా గుమ్మంలోనే నిలబడి చెప్పాను. సీటు సంగతితో సహా. వ్యాను దిగిన సంగతితో సహా. మొత్తం విన్నాడు. లోపలికెళ్ళి మాత్ర వేసుకున్నాడు. బూట్లు తొడుక్కున్నాడు. మడత కుర్చీలు రెండు చంకన పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"ఇద్దరం కూర్చుంటే నేరం కాదుగా?" అన్నాడు.

స్టేషన్ ఎదురుగా పేవ్‌మెంట్ మీద కూర్చున్నాం. ఒక అట్టముక్క మీద నేను "మా వాళ్ళని వదలండి" అని రాసి ఒళ్ళో పెట్టుకున్నాను. అరవలేదు. కాసేపటికి నిన్న ఇళ్ళకి వెళ్ళిపోయిన ఇద్దరు నర్సులు వచ్చారు, పిల్లల్ని అత్తల దగ్గర పడేసి. ఒకావిడ నా మొహం చూడకుండా పక్కన కూర్చుంది. తరవాత తనే బ్యాగులోంచి నీళ్ళసీసా తీసి నాకిచ్చింది.

నలుగురం. కానిస్టేబులు రోడ్డు దాటి వచ్చాడు, చేతులు జోడించాడు. "అయ్యా, అమ్మా, నలుగురి దాకా నాకేం అభ్యంతరం లేదు. ఐదో మనిషి రాకుండా చూసుకోండి. లోపల చోటు కూడా లేదు."

దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూస్తూ, మనసులో లెక్కపెట్టుకుంటూ, రెండడుగులు ఎడంగా నడుస్తున్నారు. చిన్నోడి కారు కూడా వచ్చింది. అద్దం దించాడు. "అక్కా, మీ ఆడపడుచు ఒక్కదాన్నైతే విడిపించగలను. నువ్వు లేచి రా" అన్నాడు.

"మిగతా ఎనిమిదిమందీ?"

ఇటు చూశాడు, అటు చూశాడు.

"దిగరా. నీ పక్కన చూడ్డానికి ఎవరూ లేరిప్పుడు. నువ్వే చెప్పాలి."

అద్దం ఎక్కింది. కారు పోయింది. నాకు వాడి మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఆ సన్నటి పిల్లవాడు జిగురు డబ్బా పట్టుకుని నా వెనక పరిగెత్తేవాడు.

ఎండ చురుక్కుమన్నాక ఒక పెద్దావిడ బట్టల మూటతో వచ్చింది. చెయ్యి విరిగిన పిల్ల తల్లి. చట్టం సంగతి ఆవిడకి తెలుసో తెలియదో. "మా అమ్మాయి లోపలే ఉందా?" అని అడిగి, ఉందంటే, మూట ఒళ్ళో పెట్టుకుని మా పక్కన కూర్చుండిపోయింది.

కానిస్టేబులు పరిగెత్తుకొచ్చాడు. వెనకే ఇన్‌స్పెక్టరు. "ఐదుగురయ్యారు. ఎవరో ఒకరు లేవండి. ఐదో మనిషెవరు? ఐదో మనిషి లేస్తే చాలు, నేనేం చూడలేదనుకుంటాను."

పెద్దావిడ బెదిరిపోయి మూట గట్టిగా పట్టుకుంది. నేను నోరు తెరవబోయాను. ఈలోగా మా ఆయన లేచి నిలబడ్డాడు. లేచిపోతున్నాడేమో అనుకుని నా ప్రాణం ఉసూరుమంది.

"నేనే ఐదోవాణ్ణి" అన్నాడు. "లేచాను, చూశారుగా." మళ్ళీ కూర్చున్నాడు.

అబద్ధం. ఆయన వచ్చింది రెండోవాడిగా. ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలిసి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది, అదీ ఎంత గట్టిగా ఆడాడంటే రోడ్డవతల టీ కొట్టు దగ్గర గ్లాసులు ఆగిపోయాయి.

అందుకే ఐదుగురం ఇప్పుడీ బల్ల మీద ఉన్నాం. సభ్యుడుగారు ఫోన్ చేస్తే నన్ను వదలాల్సి వస్తుందా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. పార్టీ కార్డు తీసి ఆయన టేబుల్ మీద పెట్టాను. దాన్నేం చెయ్యాలో తెలియక టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

పిలుస్తున్నారు. మళ్ళీ రాస్తాను.

శనివారమే

గదిలో వేశారు. మమ్మల్ని చూడగానే మా ఆడపడుచు లేచి నిలబడింది.

"వదినా! నువ్వంటే సరే. అన్నయ్యని ఎందుకు తెచ్చావు?"

"నేను తేలేదు. తనే వచ్చాడు."

అది వాళ్ళన్నని చూసింది. మూడు నెలలు డేరాలో ఎండకీ వానకీ ఏడవని మనిషి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మగాళ్ళ గది వేరే అని కానిస్టేబులు ఆయన్ని భుజం పట్టి తిప్పబోయాడు. ఆయన కదల్లేదు. చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి, "మాత్ర వేసుకునే వచ్చానే" అన్నాడు.